ఎడమవైపు చేప

ఊయ్ షావుకారు సముద్రం అవతల మనీలాలోని కలప వ్యాపారం కొడుకులకు అప్పజెప్పి, ఊరికి తిరిగొచ్చి మేడ కట్టించాడు. ముందు నుంచి చూస్తే అది తెల్లవాళ్ళ బంగళా. రెండంతస్తుల వరండాలు, గుండ్రటి స్తంభాలు, నెత్తిన రెక్కలు విప్పిన గద్ద, గుమ్మానికి అటొకడు ఇటొకడు తలపాగా గడ్డాలతో తుపాకులు పట్టుకున్న సిక్కు కాపలావాళ్ళ సున్నపు బొమ్మలు. గుమ్మం దాటితే మాత్రం మన పాత ఇల్లే. ఎర్ర ఇటుక గోడలు, మండువా, దాని వెనక చనిపోయిన పెద్దల పేర్లు రాసిన పలకలు నిలిపి కొలిచే చావడి, చావడి మీద రెండు కొసలూ చీలిన తోకల్లా పైకి లేచిన పెంకుల కప్పు. షావుకారు ముందుగదిలో బూట్లు తొడుక్కుని వెనకగదిలో విప్పేస్తాడని ఊళ్ళో నవ్వుకున్నారు.

అంత ఇల్లు ఒక్క జట్టుకే ఇవ్వడం ఆ తీరంలో ఆనవాయితీ కాదు. పునాది వేసిన రోజే నడిమి గీత గీస్తారు. ఎడమ సగం ఒక మేస్త్రికి, కుడి సగం ఇంకొకరికి. ఎడమ అంటే ఇంటి ఎడమ. చావడికి వీపు పెట్టి వాకిలి వైపు చూసేవాడి ఎడమ. పనిలో చేరిన కుర్రవాడికి సుత్తి పట్టడం కంటే ముందు నేర్పేది ఇది. గీత మీద వెదురు చాపలు కడతారు. కొలబద్ద ఒక్కటే, చేతులు వేరు. ఒకరి పని ఒకరు చూడకూడదు.

పని ముగిశాక చాపలు దించుతారు. అప్పుడు ఒక్కో మేస్త్రి ఎదుటివాడి సగం మీదికెక్కి, కింద జనానికి వినబడేలా ఒక తప్పు పట్టాలి. పట్టలేనివాడు ఓడినట్టు. ఒకసారి పైనుంచి అన్న మాటను కిందికి దిగి మార్చుకోడానికి లేదు. గెలిచినవాడికి ఊయ్‌వాళ్ళ వంశమందిరం పని వస్తుంది, పేరు ఇంకో తరం నిలుస్తుంది.

ఎడమ సగం ఖో మేస్త్రిది. అందరూ అదే న్యాయమనుకున్నారు, ఆ ఊళ్ళో పెద్దరికం ఎడమ వైపుది, ఖో మేస్త్రి వయసులో పెద్దవాడు. కుడి సగం ఛువా మేస్త్రిది.

ఖో మేస్త్రికి కళ్ళు పోయాయని ముగ్గురికే తెలుసు. ఆయనకు, కూతురు సోక్‌లాన్‌కు, అల్లుడు బెంగ్‌సన్‌కు.

కళ్ళు పైకి బాగానే ఉంటాయి. లోపలే దీపం తగ్గుతూ వచ్చింది. ఊళ్ళో ఏ సందు ఎక్కడ తిరుగుతుందో కాళ్ళకు తెలుసు కాబట్టి నడిచేవాడు. పనిలో మాత్రం శిష్యుడి భుజం మీద చెయ్యి వేసేవాడు. పెద్ద మేస్త్రి అలా చెయ్యి వేసి నడిస్తే అది దర్జా అనుకుంటారు గాని గుడ్డితనమని ఎవరూ అనుకోరు. ఆ భుజం బెంగ్‌సన్‌ది.

కప్పు కొసల మీద చెరొక చేప ఉండాలని షావుకారు కోరిక. అలల్లోంచి ఎగిరే చేప, ఒళ్ళంతా పింగాణీ ముక్కలతో. ఇనుప తీగకు నార చుట్టి, బెల్లం నీళ్ళు పోసి దంచిన సున్నం పట్టించి, అది ఆరకముందే గిన్నెల ముక్కలు గుచ్చుతారు. గిన్నె వంపు చూసి పటకారతో కొరకాలి. అంచు ముక్క రెక్కకు, బొజ్జ ముక్క పొలుసుకు. పెద్ద మేస్త్రీలు ఇలాంటి పని ఎదుటి జట్టు కంట పడకుండా ఇంట్లోనే చేసుకుని తీసుకెళ్ళడం ఉంది. ఖో మేస్త్రి కూడా ఇంట్లోనే చేస్తున్నాడని జట్టులో అందరూ అనుకున్నారు. చేస్తున్నది సోక్‌లాన్. కొడుకులు లేని ఇంట్లో ఆమె చిన్నప్పటి నుంచీ తండ్రి పక్కన కూర్చుని గిన్నెలు కొరికినదే. ఆడదాని చెయ్యి పడిందని తెలిస్తే షావుకారు ఆ చేపను పెద్దల నెత్తిమీద పెట్టనివ్వడు.

సాయంత్రం తండ్రి పెరట్లోకి వచ్చి పీట మీద కూర్చునేవాడు. ఆమె చేపను ఆయన మోకాళ్ళ దగ్గరికి జరిపేది. ఆయన తల నుంచి తోక దాకా ఒకసారి చెయ్యి రాసేవాడు.

"నా చెయ్యే," అనేవాడు. ఇంకేం అనేవాడు కాదు.

ఆ రెండు మాటలతో ఆమెకు రాత్రి అన్నం సయించేది.

గొంతు దగ్గర పని జరిగినప్పుడు మాత్రం వాన పట్టుకుంది. సున్నం ఆరట్లేదు, చాపలు దించే ముహూర్తం ముంచుకొస్తోంది. అక్కడ పొలుసులు కొంచెం బిగించి, తొందరగా గుచ్చేసింది. ఆ రోజు కూడా తండ్రి చెయ్యి రాశాడు. ఆ రోజూ ఆ మాటే అన్నాడు. గొంతు దగ్గర వేళ్ళు ఆగుతాయేమోనని ఆమె చూసింది. ఆగలేదు. పోనీలే, బాగానే కుదిరిందన్నమాట అనుకుంది.

బెంగ్‌సన్ ఇల్లరికపు అల్లుడు. పుట్టింది ఛువా మేస్త్రి వంశంలో, ఆయన జ్ఞాతుల ఇంట్లో. పదేళ్ళు దాటకముందే ఖో మేస్త్రి దగ్గర పనికి చేరి, అక్కడే తిని, అక్కడే పెరిగి, ఆ ఇంటి పిల్లనే చేసుకున్నాడు. పెళ్ళినాడు పెద్దమనుషుల ముందు ఒక మాట అనుకున్నారు. మొదటి కొడుకు ఖో ఇంటిపేరు మోస్తాడు, రెండోవాడు ఛువా. చనిపోయిన తన తండ్రికి అగరొత్తి వెలిగించేవాడు ఒకడుండాలని బెంగ్‌సన్ అడిగింది అంతే. రెండో కొడుకు పుట్టాక ఖో మేస్త్రి వాణ్ణి కూడా తీసుకెళ్ళి తన పెద్దల ముందు ఖో ఇంటిపేరే పెట్టించేశాడు. ఇంట్లో మగపిల్లలు తక్కువ, మూడోవాణ్ణి నీకిస్తానులే అన్నాడు. మూడోవాడు పుట్టలేదు. ఆనాడు బెంగ్‌సన్ భార్య వైపు చూశాడు. ఆమె పొయ్యిలో పుల్లలు సర్దుతూ ఉండిపోయింది.

ఆ తర్వాత అతను ఆ ఊసెత్తలేదు. మరిచిపోయాడనుకున్నారు.

చాపలు దించే రోజు కోసం వాళ్ళు ఇంట్లో అనుకున్న పద్ధతి తేలికైనదే. చాపలు దించగానే బెంగ్‌సన్ ఛువా పని ఒకసారి పరకాయించి చూస్తాడు. మామ చెయ్యి తన భుజం మీద వేయించుకుని పైకి తీసుకెళతాడు. అక్కడ ఏం తప్పుందో చెవిలో చెప్తాడు, మేస్త్రి దాన్ని గట్టిగా అంటాడు. తర్వాత తమ చేప దగ్గరికి వచ్చి కన్ను పెట్టాలి. చేప కన్ను చివరిదాకా పెట్టరు, తీర్పు అయ్యాకే పెడతారు. కన్ను కోసం సోక్‌లాన్ నల్ల గాజుపూస ఒకటి ఎంచి, గుడ్డలో చుట్టి నడుముకు దోపుకుంది. దాన్ని కూడా బెంగ్‌సన్ చేత్తోనే పెట్టించాలని ఏర్పాటు.

ఆమెకు ఒక్కటే కనిపించింది. చాపలు దించడానికి కొన్నాళ్ళ ముందు, మొగుడి చెప్పులు కడుగుతుంటే అడుగున అంటుకున్న సున్నం తెల్లగా మెరిసింది. ఖో జట్టు కొండసున్నం వాడుతుంది, అది బూడిద రంగు. ఆల్చిప్పలు కాల్చిన సున్నం ఛువా వాళ్ళది. చాపకు అవతలిది. ఆమె ఆ చెప్పులు ఇంకోసారి గట్టిగా రుద్ది, ఎండలో పెట్టింది. అడగలేదు.

చాపలు దించే రోజు ఎండ కాచింది. మండువా నిండా జనం. ఎర్ర పిండి ఉండలు, ఉడికించిన పంది తల, ఆల్చిప్పల మాంసం వేసిన సేమ్యా బల్లల మీద పెట్టారు. ఆడవాళ్ళు పక్క వసారాలో నిలబడ్డారు. షావుకారు తల్లి, పండు ముసలమ్మ, కుర్చీలో కూర్చుని తల పైకెత్తి కప్పునే చూస్తోంది. చాపలు దించగానే ఒక్కసారి అందరూ ఆహా అన్నారు. రెండు చేపలూ రెండు కొసల మీద ఎగురుతున్నాయి, కళ్ళు లేకుండా.

సోక్‌లాన్ తన చేపను అంత ఎత్తున చూడటం అదే మొదటిసారి. అది తను చేసినట్టే అనిపించలేదు. పక్కనున్న ఆవిడ మోచేత్తో పొడిచి, మీ నాన్న చెయ్యి ముసలిదవలేదే అంది. ఆమె నవ్వి తల వంచుకుంది.

ముందుగా పెద్ద వైపు మేస్త్రి ఎక్కాలి. నిచ్చెన మండువాలో వేసి ఉంది. బెంగ్‌సన్ దాన్ని కాదని, మామను చావడి వెనక్కి తీసుకెళ్ళాడు. వెనక పరంజా ఇంకా విప్పలేదు, ముసలాయనకు అదే నయం అన్నాడట ఎవరో అడిగితే. కాసేపటికి కప్పు వెన్ను మీదుగా ఇద్దరి తలలూ లేచాయి. ముందు బెంగ్‌సన్, భుజం మీద చెయ్యి వేసి మేస్త్రి.

ముందు నుంచి ఎక్కితే ఛువా సగం ఎడం చేతి వైపు ఉంటుంది. వెనక నుంచి ఎక్కేవాడికి అది కుడిచేతి వైపు. ఖో మేస్త్రి జీవితమంతా ముందు నుంచే ఎక్కాడు. ఈసారి వెనక నుంచి ఎక్కుతున్నట్టు ఆయనకు తెలుసో లేదో ఎవరికీ తెలీదు. బెంగ్‌సన్ ఎడమకు తిరిగాడు. మేస్త్రి ఆ భుజం వెంట నడిచాడు.

ఖో చేప వైపు వెళుతున్నారు. కింద జనానికి అదేం తేడాగా లేదు. ముసలాయన తన పని ఒకసారి చూసుకుంటాడు కాబోలు అనుకున్నారు.

బెంగ్‌సన్ చేప దగ్గర ఆగాడు. మామ చెయ్యి తీసి చేప మీద పెట్టాడు. చెవిలో ఏదో చెప్పాలి, చెప్పలేదు. రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

సోక్‌లాన్‌కు అప్పుడే అర్థమైంది. అరవాలని నోరు తెరిచింది. అరిస్తే ఏమని అరవాలి? నాన్నా అది మనది అని అరిస్తే ఆయన గుడ్డివాడని ఆమే చాటినట్టు. ఒకవేళ ఆయనే గుర్తుపడతాడేమో. ఎన్ని సాయంత్రాలు రాశాడు ఆ చేపను. గుర్తుపట్టి, ఇది నాదే, ఇప్పుడు అవతలికి పదరా అంటాడేమో. ఆమె నోరు మూసుకుంది. తండ్రి వేళ్ళనే చూస్తూ నిలబడింది.

వేళ్ళు తల మీదుగా దిగాయి. గొంతు దగ్గర ఆగాయి. అక్కడే రెండోసారి తిరిగాయి.

"తమ్ముడూ ఛువా," అన్నాడు ఖో మేస్త్రి, మండువా అంతా వినబడేలా. "చేప నీళ్ళలో ఉంటుంది. ఇది కొట్టులో దండేనికి వేలాడే ఎండుచేప. పొలుసు కింద పొలుసు ఊపిరాడకుండా కుక్కావు. ఇది చేసినవాడికి చేపను తినడం తెలుసు గాని చూడటం తెలీదు."

గొంతు సంగతి ఒక్కటీ చెప్పి ఊరుకుంటే తప్పు పట్టడం అయిపోయేది. ఆయన ఊరుకోలేదు. వీపు మీద చెయ్యి రాసి అలల్లో ప్రాణం లేదన్నాడు. రెక్క తడిమి బాతు రెక్క అన్నాడు. తోక దాకా వెళ్ళాడు, తోకనూ వదల్లేదు. ఛువా మనుషుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు కూడా ఆగిపోయింది. మండువాలో అంత నిశ్శబ్దం ఎందుకో ఖో మేస్త్రికి అర్థం కాలేదు. మెచ్చుకోలు కోసం ఆగినట్టు కాసేపు ఆగాడు. ఆ తర్వాత ఆయన చెయ్యి భుజం కోసం గాలిలో వెతికింది. భుజం దొరకలేదు.

అది చూసి షావుకారు తల్లి మెల్లిగా అంది, "అయ్యో, ఆయనకు చూపు లేదర్రా."

ఛువా జట్టు కుర్రాళ్ళిద్దరు ఎక్కి ఆయన్ను దించారు. ఇంక ఛువా మేస్త్రి వంతు. ఆయన నిచ్చెన సగం ఎక్కి, అక్కడే ఆగి, టోపీ తీసి జనం వైపు తిరిగాడు.

"ఖో అన్న అన్నీ అనేశాడు. ఆయన పనిలో అంతకంటే తప్పు పట్టడం నాకు చేతకాదు."

తీర్పు చెప్పాల్సిన పని లేకపోయింది. ఛువా మేస్త్రి తన చేపకు కన్ను పెట్టాడు. పిండి ఉండలు పంచారు. ఎడమవైపు చేప గుడ్డిదిగానే ఉండిపోయింది.

బెంగ్‌సన్ ఇంటికి రాలేదు. ఆమే వెతుక్కుంటూ వెళ్ళింది. ఛువా మేస్త్రి ఇంటి వెనక, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కనిపించాడు. తమ రెండో కొడుకు అప్పటికే ఆ ఇంటి చావడిలో కూర్చుని సేమ్యా తింటున్నాడు.

ఆమె ఏడవలేదు. ఎందుకు చేశావని కూడా అడగలేదు. ఎంతకాలం నుంచి అని అడిగింది.

"వాన పట్టినప్పటి నుంచి," అన్నాడతను. "పిల్లాడి పేరు మా వాళ్ళ మందిరంలో ఎక్కిస్తామన్నారు. మా నాన్నకు అగరొత్తి వెలిగించేవాళ్ళు ఎవరూ లేకుండా పోతున్నారు, లాన్. పెళ్ళినాడు మాట ఇచ్చినవాళ్ళు మీరే."

"నాకు చెప్పాల్సింది."

"చెప్పాను. ఆ రోజు నీవైపు చూశాను కదా. నువ్వు పొయ్యిలో పుల్లలు సర్దుకున్నావు."

ఆమె నూతి గట్టు మీద చెయ్యి ఆనించింది. అతను చెంబు బోర్లించి పెట్టి, నేల చూస్తూ అన్నాడు.

"నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆయన కూతురి పని దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి పెట్టించాను. అంతే. గుర్తుపడతాడనే అనుకున్నాను. గుర్తుపడితే ఓడిపోయి, ఇంటికొచ్చి మీ కాళ్ళ దగ్గర పడి ఉందామనుకున్నాను. ఒట్టు."

ఆ మాట నిజమేనని ఆమెకు తెలిసింది. అబద్ధమైతే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళు ఆ నోటితోనే, ఎంత బాగా కొరికావో చూడు అంటూ పింగాణీ ముక్కలు ఏరి ఇచ్చినవాడు. చేప పొడవునా ఏ ముక్క ఎక్కడుందో అతనికి తెలుసు. గొంతు దగ్గర ఏం జరిగిందో కూడా తెలుసు. దానికే చెయ్యి పెట్టించాడు.

ఇంట్లో తండ్రి పెరట్లో పీట మీదే కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ ముందు చేప లేదు, ఖాళీ సున్నపు తట్ట ఉంది. ఆమె అడుగుల చప్పుడు విని తల తిప్పాడు. తిట్టింది తమ చేపనేనని ఎవరో ఆయనకు చెప్పేశారు.

"వాడేడి?" అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళింది. నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు. అల్లుణ్ణి తిడతాడనుకుంది, తిట్టలేదు. షావుకారు ఇంట్లో గుడ్డి చేప ఉండకూడదని, రేపు పెద్దల పలకలు నిలిపే లోపు కన్ను పెట్టాలని కబురొచ్చిందని మాత్రం చెప్పాడు. ఎవర్నో ఒకర్ని చూడమన్నాడు. తను ఇంక ఆ గుమ్మం తొక్కనన్నాడు.

"నాన్నా," అంది ఆమె. "రోజూ నా చెయ్యే అనేవాడివి."

ఆయన చెంబు కింద పెట్టాడు.

"అదే చేప కదా. అక్కడ ఎండుచేప ఎలా అయింది?"

ముసలాయన ఖాళీ తట్టను పక్కకు జరిపాడు. వేళ్ళు మోకాళ్ళ మీద ఊరికే కదిలాయి. ఆమె కదలకుండా నిలబడే ఉంది.

"ఇంట్లో అది ఎవరిదో తెలుసమ్మా," అన్నాడు చివరికి. "అక్కడ తెలీదు."

ఆమె లోపలికి వెళ్ళి కొంచెం సున్నం కలుపుకుంది, బెల్లం నీళ్ళు పోసి. నడుముకు దోపుకున్న పూస ఉందో లేదో తడిమి చూసుకుంది. బయటికి నడిచింది. తండ్రి ఎక్కడికని అడగలేదు.

మేడలో విందు ముగిసి బల్లలు కడుగుతున్నారు. నిచ్చెన ఇంకా మండువాలోనే ఉంది. ఆమె చెంగు బిగించి ఎక్కుతుంటే కడిగేవాళ్ళు చేతులాపి చూశారు. పెద్దల చావడి కప్పు మీదికి ఆడది ఎక్కడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. ఆపాలన్న ఆలోచన వచ్చేలోపు ఆమె పైన ఉంది.

పెంకులు వేడిగా ఉన్నాయి. ఆవలి కొసన ఛువా చేప కొత్త కంటితో సముద్రం వైపు చూస్తోంది. ఆమె తన చేప పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. తల నుంచి చెయ్యి రాయడం మొదలుపెట్టింది, ఎవరిదో తెలియని దాన్ని తడిమినట్టు.

గొంతు దగ్గర వేళ్ళకు పొలుసులు గుచ్చుకున్నాయి. ఒకదాని కింద ఒకటి కుక్కి ఉన్నాయి. ఆయన అన్నది నిజం. అక్కడ నుంచి కిందికి వెళ్ళింది. వీపు మీద పొలుసులు వేలికింద నీళ్ళలా జారాయి. అలలు బాగున్నాయి. రెక్క బాతు రెక్క కాదు, ఏ లెక్కన చూసినా కాదు. తోక దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. అలాంటి తోక ఆమె తండ్రి కూడా చెయ్యలేదు.

ఇంట్లో గొంతును మెచ్చుకున్నాడు. ఇక్కడ తోకను తిట్టాడు. రెండు చోట్లా ఆయన తడిమింది చేపను కాదు.

ఆమె కళ్ళు తెరిచి, సున్నం ఒత్తి, పూస అమర్చింది. బొటనవేలితో అంచు సర్దింది. గొంతు జోలికి వెళ్ళలేదు. అది అలాగే ఉండనిచ్చింది.

కింద అలికిడి పెరిగింది. షావుకారు తల్లి ఊతకర్ర పట్టుకుని మండువాలోకి వచ్చి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. గుమ్మం దగ్గర, తుపాకి పట్టుకున్న సున్నపు సిక్కు పక్కన, కొడుకు చెయ్యి పట్టుకుని బెంగ్‌సన్ నిలబడి ఉన్నాడు. రేపటి పలకల పూజ ఏర్పాట్లకు ఛువా వాళ్ళతో కలిసి వచ్చినట్టున్నాడు. పిల్లాడు అమ్మా అనబోతే ఆ చేతిని కొంచెం లాగాడు.

"పైన ఎవరే అది?" అంది ముసలమ్మ.

ఖో మేస్త్రి కూతుర్ని అని ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. ఊళ్ళో ఇన్నేళ్ళూ అదే చెప్పింది. బెంగ్‌సన్ పెళ్ళాన్ని అన్నా చెల్లేది.

"ఈ చేప చేసినదాన్ని," అంది.

ముసలమ్మ ఇంకా ఏదో అడుగుతూనే ఉంది. సోక్‌లాన్ వినలేదు. సున్నం ఆరేదాకా పూస జారకుండా వేలు ఆనించి పట్టుకోవాలి. పట్టుకుని అక్కడే కూర్చుంది.